స్టేషను లేనిచోట అంత చప్పుడెందుకు?

ఏటా ఫిబ్రవరి 13న, ప్రపంచ రేడియో దినోత్సవం పేరు చెప్పి, మన పత్రికల్లో ఒకటే వ్యాసం వస్తుంది. కింద పేరు మారుతుంది గానీ పైన సరుకు మారదు. రేడియో సిలోన్ ఉంటుంది, మీనాక్షి పొన్నుదురై తెలుగు ఉంటుంది, అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా ఉంటుంది, అరుగు మీద మూగిన ఊరు ఉంటుంది. ఆఖరి పేరాలో మాత్రం తప్పకుండా ఒక చావు వార్త ఉంటుంది: షార్ట్‌వేవ్ పోయింది, ఇక ఆ మాట ఎత్తకండి అని.

చదివినవాళ్లు నమ్ముతున్నారు. అటకమీంచి పాత సెట్టు దించి, దుమ్ము దులిపి, సెల్స్ వేసి, ముల్లు ఈ చివరినుంచి ఆ చివరిదాకా తిప్పి, గరగర తప్ప ఏమీ వినపడక మళ్లీ అటకెక్కిస్తున్నారు. అడిగితే ఇంట్లో కుర్రవాళ్లూ అదే అంటారు, రిపేరు షాపులోనూ అదే అంటారు. స్టేషన్లన్నీ ఎత్తేశారండీ. లేదా సెట్టు ముసలిదైపోయిందండీ. కాస్త ఓపికున్న మెకానిక్ అయితే పెద్ద తీగ కట్టి చూడమంటాడు. నా మటుకు నాకు ఈ మూడు జవాబుల్లో మొదటిది సగం అబద్ధం, రెండోది చాలావరకు అబద్ధం. మూడోది పాటిస్తే వచ్చే ఒకటి రెండు స్టేషన్లు కూడా రాకుండా పోవచ్చు.

సగం నిజం ఎంతో ముందే ఒప్పేసుకుంటాను. రేడియో నెదర్లాండ్స్ 2012లో షార్ట్‌వేవ్ వదిలేసింది. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి ఆఖరున వదిలేసింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ముగిశాయి. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా గొంతు పడిపోయింది. మన ఆకాశవాణి కూడా ప్రాంతీయ కేంద్రాల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లను చాలావరకు ఆపేసింది. 1980లలో 31 మీటర్ల బ్యాండు మీద ముల్లు వెంట్రుకవాసి కదిపితే ఒక దేశం మారేది. ఇప్పుడు అంత రద్దీ లేదన్నది నిజమే.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఒక స్టేషను మూతపడితే ఆ చోట ఏం మిగలాలి? ఏమీ మిగలకూడదు. సన్నగా, ఒకే తీరుగా, దూరపు వానలా ఒక సుయ్‌మనే శబ్దం ఉంటుంది, అంతే. బ్యాండంతా ఖాళీ అయితే బ్యాండంతా ఆ నెమ్మదే ఉండాలి. మరి మన ఇళ్లలో వినిపిస్తున్నది అదా? కాదు. జుయ్‌మని ఒక మోత. మధ్యమధ్యలో టకటక. ముల్లు జరిపితే కొద్ది దూరంలో మళ్లీ అదే మోత, ఇంకొద్ది దూరంలో మళ్లీ. మూసేసిన స్టేషను మోగదు. మోగుతున్నదంటే అక్కడ ఏదో ప్రసారం జరుగుతున్నట్టే. ఆ ప్రసారకేంద్రం మన ఇంట్లోనే ఉంది.

ఇంకా అనుమానముంటే షార్ట్‌వేవ్ సంగతి కాసేపు పక్కనపెట్టి మీడియంవేవ్ పెట్టండి. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్, విశాఖపట్నం 927, హైదరాబాద్ 738. వీటిని ఎవరూ ఎత్తేయలేదు. ఆ స్టేషన్లున్న ఊళ్లకు కాస్త దూరంలో, అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, రాత్రి ఏడున్నరకి లైట్లన్నీ వెలుగుతుండగా పెట్టి చూడండి. చాలా ఇళ్లలో వార్తల కింద అదే జుయ్‌మనే మోత వినిపిస్తుంది. స్టేషన్లు లేకపోవడమే రోగమైతే, ఉన్న స్టేషనుకి ఈ గతి ఎందుకు పట్టింది? చావు వార్తలు రాసేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగా నేను చదవలేదు.

జవాబు గోడకున్న ప్లగ్గులో ఉంది. వెనక అడాప్టరంటే ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్. బరువుగా ఉండేది, వేడెక్కేది, కానీ రేడియో జోలికి వచ్చేది కాదు. ఇప్పుడు ఫోన్ చార్జరు, వైఫై రూటర్ అడాప్టరు, సెట్‌టాప్ బాక్సు, టీవీ, చాలా ఎల్ఈడీ బల్బులు, అన్నింట్లోనూ ఉండేది కరెంటును సెకనుకు వేలసార్లు, లక్షసార్లు తెంచి కలిపే సర్క్యూట్. అలా తెంచి కలిపిన ప్రతిసారీ అసలు పౌనఃపున్యంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, వంద రెట్లు కూడా పుడతాయి. 60 కిలోహెర్ట్జ్‌తో మొదలైన రొద షార్ట్‌వేవ్ బ్యాండ్లదాకా పాకుతుంది. ముల్లు జరిపినప్పుడల్లా అదే మోత మళ్లీ మళ్లీ తగలడానికి కారణం ఇదే. పైగా ఇంట్లోని కరెంటు వైరింగు ఈ రొదకు ఏరియల్‌లా పనిచేస్తుంది. గది గదికీ, గోడ గోడకీ తీగలు లాగిన అంత పెద్ద ఏరియల్ ఏ రేడియో అభిమానీ కట్టుకోలేడు.

దీన్ని ఆపడం తెలియక కాదు. ఒకసారి ఊరూ పేరూ లేని ఒక చార్జరు విప్పి చూడండి. ముందు ప్లగ్గులోంచి తీసి కాసేపు ఆగాలి సుమా, లోపలి కెపాసిటరు షాక్ కొడుతుంది. కరెంటు లోపలికి వచ్చే చోట ఆకుపచ్చ బోర్డు మీద తెల్లరంగుతో ఒక చిన్న చదరం గీసి ఉంటుంది, దాని నాలుగు మూలల్లో నాలుగు చిల్లులు. అక్కడ ఒక ఫెరైట్ కాయిల్ కూర్చోవాలి. లోపల పుట్టిన రొద వెనక్కి వైరింగులోకి పోకుండా అడ్డుపడేది అదే. చవక సరుకులో ఆ చదరంలో కాయిల్ ఉండదు. రెండు చిన్న తీగముక్కలు వంచి, అటు రెండు చిల్లులూ ఇటు రెండు చిల్లులూ కలిపి టంకం వేసేస్తారు. డిజైను చేసినవాడు చోటు వదిలాడు, అమ్మినవాడు నాలుగు రూపాయలు మిగుల్చుకున్నాడు. ఆ తీగముక్కల జతను ఒక్కసారి కళ్లారా చూస్తే షార్ట్‌వేవ్ సహజ మరణం కథ ఎవరికైనా నమ్మబుద్ధి కాదు.

ఎల్ఈడీ బల్బు మీద నాకు కోపం లేదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు, కరెంటు ఆదా అయింది, మంచిదే. అన్ని బల్బులూ దోషులు కావు కూడా. తెంచి కలపడమనేదే లేకుండా, డ్రైవరును ఎల్ఈడీల పక్కనే బోర్డు మీద పెట్టేసిన కొన్ని చవక బల్బులు రేడియోకి నోరు మెదపవు. వాటికంటే ధర ఎక్కువున్నది ఇల్లంతా మోత మోగించవచ్చు. కాబట్టి ధర చూసి తేల్చలేం, కంపెనీ చూసి తేల్చలేం. పెట్టె మీద ఐఎస్ 16102 మొదటి భాగం అని ఉంటే అది భద్రతకు సంబంధించిన ప్రమాణం. షాక్ కొట్టదనడానికి భరోసా, రేడియోను బతకనిస్తుందనడానికి కాదు. దీపాల నుంచి ఎంత రొద రావచ్చో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 15. షాపులో బల్బు కొనేటప్పుడు ఆ మాట ఎత్తి చూడండి, కౌంటరు అవతలివాడి ముఖం చూడాలి.

ఇక సెట్టు ముసలిదైందన్న వాదన. కొత్తది, ఖరీదైనది కొంటే అన్నీ వస్తాయని ఎందరు చెప్పగా విన్నామో. కానీ 30 మెగాహెర్ట్జ్ కింద మంచి సెట్టుకు సొంతంగా ఉండే రొద ఎంతో తక్కువ, బయటినుంచి వచ్చి పడే రొదే ఎక్కువ. సున్నితత్వం పెంచితే స్టేషనుతో పాటు మోత కూడా అంతే పెరుగుతుంది. మైకు మోగుతున్న పెళ్లిపందిట్లో పక్కవాడి మాట వినపడటం లేదని చెవి మిషన్ కొనుక్కునేవారుంటారా? కెపాసిటర్లు ఎండిపోయిన సెట్లు, నాబ్ తిప్పితే బరబరమనే సెట్లు, ఏరియల్ కడ్డీ దగ్గర టంకం ఊడిన సెట్లు ఉంటాయి, కాదనను. వాటి పరీక్ష తేలిక. సెల్స్ వేసి ఊరి బయట పొలం గట్టుకో, నది ఒడ్డుకో తీసుకెళ్లి పెట్టడమే. అక్కడ బాగా పలికితే మెకానిక్‌కు డబ్బులివ్వనక్కర్లేదు.

ఆ తేడా ఎంతో అంకెల్లో చెప్పుకుంటే కొందరికి గట్టిగా తగులుతుంది. మనుషుల పరికరాల వల్ల పుట్టే రేడియో రొద గురించి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ఒకటుంది, పి.372. అందులోని సూత్రం ప్రకారం 10 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రశాంతమైన పల్లెకీ, ఇళ్లున్న పట్టణ వీధికీ మధ్య రొదలో దాదాపు 20 డెసిబెల్స్ తేడా ఉంటుంది. అంటే వంద రెట్లు. ఆ సూత్రం వెనకున్న కొలతలు 1970ల నాటివి, చార్జర్లూ ఎల్ఈడీలూ ఇంటింటికీ రాకముందువి. వంద రెట్ల రొదను స్టేషనువాళ్లే దాటాలంటే 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు 10,000 కిలోవాట్లది కావాలి. బెంగళూరులో ఆకాశవాణి పెట్టుకున్న పెద్ద షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లే ఒక్కొక్కటి 500 కిలోవాట్లు. ఏ ప్రభుత్వం ఎంత ఖర్చుపెట్టినా గెలవలేని పందెం ఇది. అదే వంద రెట్ల తేడాలో ఎంతో భాగం మనింట్లో ఒక అడాప్టరు పీకేస్తే దిగిపోవచ్చు.

పెద్ద తీగ సలహాకి వస్తాను. దాన్ని విన్నవాళ్లలో చాలామంది చేసే పని, హాల్లో కిటికీ కర్టెన్ రాడ్డుకో, గోడవారనో ఇరవై అడుగుల వైరు లాగి, కొసను సెట్టు కడ్డీకి చుట్టడం. ఆ గోడ లోపల కరెంటు తీగలున్నాయి. స్టేషనేమో ఇనుప చువ్వల కాంక్రీటు దాటుకుని రావాలి, రొదేమో అరచేతి దూరంలో ఉంది. ఈ రెండింట్లో పొడుగు తీగ దేన్ని ఎక్కువ పట్టుకుంటుంది? తీగ ఉండాల్సింది బయట, డాబా మీద, కరెంటు వైర్లకు దూరంగా. అక్కడినుంచి సెట్టుదాకా మామూలు వైరు కాకుండా టీవీ కేబుల్ లాంటి కోయాక్సియల్ దించాలి. లేకపోతే లోపలికి వచ్చే ముక్కే మళ్లీ ఏరియల్ అయిపోతుంది. డాబా మీద హక్కు లేని అపార్ట్‌మెంటువాళ్లకి గజం వెడల్పు లూప్ ఏరియల్ నయం. బాల్కనీలో పెట్టి మెల్లగా తిప్పితే ఏదో ఒక కోణంలో మోత పడిపోతుంది, స్టేషను నిలుస్తుంది. అక్కడ తీగ పొడుగు చేయలేని పని, తిప్పుడు చేస్తుంది.

ఇదంతా ఊహ కాదనడానికి మన విద్యుత్ సంస్థలు అప్పుడప్పుడూ ఉచితంగా ప్రయోగం చేసి చూపిస్తూనే ఉన్నాయి. సాయంత్రం వీధికి వీధి కరెంటు పోయినప్పుడు సెల్స్ మీద నడిచే రేడియో పట్టుకుని బాల్కనీలోకి రండి. 49 మీటర్ల బ్యాండు, అంటే 5900 నుంచి 6200 కిలోహెర్ట్జ్ దాకా. లేదా 41 మీటర్లు. కరెంటు ఉన్నప్పుడు ఒక్క మాటా దొరకని చోట చైనా రేడియో నాలుగైదు భాషల్లో దొరుకుతుంది, అరబ్బీ దొరుకుతుంది, బీబీసీ ఇంగ్లిష్ దొరకొచ్చు, రేడియో రొమేనియా దొరకొచ్చు. కరెంటు రాగానే దీపాలతో పాటు మోత కూడా వచ్చి వాటన్నింటి మీదా పడుతుంది. ఆ రెండు నిమిషాల మధ్య ఏ దేశమూ తన ట్రాన్స్‌మిటరు ఆపలేదు.

కరెంటు పోయేదాకా ఎదురుచూడనక్కర్లేదు, మెయిన్ మనమే దించొచ్చు. కానీ ఇక్కడ మన ఇళ్లలో ఒక తిరకాసుంది, విదేశీ పుస్తకాల్లో అది కనపడదు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, రెండు లైట్లు, రూటరు వెలుగుతూనే ఉంటాయి, పైగా ఇన్వర్టర్ తన సొంత మోత కలుపుతుంది. చూసినవాళ్లు మెయిన్ ఆపినా తగ్గలేదు, ఇది బయటి గొడవే అని తేల్చేస్తారు. ఇన్వర్టర్‌ని కూడా వెనక స్విచ్ దగ్గర ఆపాలి. రేడియో అడాప్టరు మీద కాకుండా సెల్స్ మీదే నడవాలి. అప్పుడు మోత పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. బోర్డులో ఎంసీబీలు ఒక్కొక్కటే పైకెత్తుతూ రండి. ఏది ఎత్తగానే మోత లేచిందో ఆ లైను మీది సామాను ఒక్కొక్కటీ పీకండి. అరగంట పని.

ఈ వేటలో దొరికేవి ఎప్పుడూ అనుమానించినవి కావు. టీవీ మీద అనుమానం పెట్టుకుంటే అటకమీద ఎప్పటినుంచో ప్లగ్గులో మరిచిపోయిన చార్జరు బయటపడుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ల సంగతి మరీ చిత్రం. టకటకమని ఐదు మెట్లుగా తిరిగేవి కెపాసిటర్ల రకం, వాటితో గొడవ లేదు. నున్నగా, మెట్లు లేకుండా తిరిగేవి ట్రయాక్ రకం. 50 హెర్ట్జ్ కరెంటును సెకనుకు వందసార్లు మధ్యలో కోసి వదులుతాయి, ఆ కోతే రేడియోలో జుయ్‌మంటుంది. పోల్చుకోవడం తేలిక. నాబ్ తిప్పుతుంటే మోత స్వరం మారుతుంది, ఫుల్ స్పీడులో పెడితే దాదాపు ఆగిపోతుంది. ముప్పావు వంతు ఇళ్లకు షార్ట్‌వేవ్ అక్కర్లేకపోవచ్చు గానీ, మీడియంవేవ్‌లో పొద్దున వార్తలు వినే పెద్దాయన ఫ్యాను కిందే కూర్చుని ఆకాశవాణిని తిట్టుకోవడం మాత్రం అన్యాయం. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్లలోనూ తెంచి కలిపే సర్క్యూటే ఉంటుంది, వాటినీ జాబితాలో వేసుకోండి.

దొరికాక ఏం చేయాలంటే, వీలైతే మార్చేయడం. మార్చలేనిదైతే దాని వైరును ఫెరైట్ రింగులోంచి నాలుగైదు చుట్లు తిప్పడం. ఒక్క చుట్టుతో పెద్దగా ఫలితం ఉండదు. చుట్లు రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. వినపడని ప్రతిదానికీ చార్జరునే ఉరితీయలేం. పగలు సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్‌రే కిరణాల వల్ల వాతావరణం పైభాగాన ఏర్పడే డి పొర తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది. మిట్టమధ్యాహ్నం 49 మీటర్లు పెట్టి దూరదేశాలు రాలేదంటే అది పెట్టినవారి పొరపాటే, పగలు 19 మీటర్లు, 16 మీటర్లు చూడాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు మేఘం పట్టినప్పుడు ఫటఫటమనే పగుళ్లు మెరుపులవి, వాటికి ఎంసీబీ లేదు. కానీ ప్రకృతి రొదకు లయ ఉండదు. ఒకే శ్రుతిలో గంటల తరబడి మోగేది మనిషి చేసిందే. సూర్యుడి మీదకు నెట్టేవాళ్లకు ఇంకొకటి: ఇప్పటి సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, నోవా సంస్థలు ప్రకటించాయి. పై బ్యాండ్లు పదకొండేళ్లకోసారి పుంజుకునే కాలం అది. సరిగ్గా ఆ కాలంలోనే మన వ్యాసాల్లో షార్ట్‌వేవ్ చచ్చిపోతూ వచ్చింది.

ఇదంతా ఎందుకు, ఫోన్లో అన్ని స్టేషన్లూ వస్తున్నాయిగా అనేవారికి ఒక్క తేదీ చాలు. 2014 అక్టోబరు 12, విశాఖపట్నం. హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు పోయింది, సెల్ టవర్లు పడుకున్నాయి. చేతిలో ఫోనుండి లోకం తెలియని రోజులు అవి. సెల్స్ రేడియోకి టవరు అక్కర్లేదు, నెలవారీ బిల్లు అక్కర్లేదు, నువ్వెవరివని అడిగేవాడు లేడు.

మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపినా మోత తగ్గకపోతే అప్పుడు వీధిలోకి నడవాలి. చేతిలో మీడియంవేవ్ ఉన్న చిన్న రేడియో ఉంటే చాలు. లోపలి ఫెరైట్ కడ్డీ కొస మోత వచ్చే దిక్కుకు తిరిగినప్పుడు శబ్దం బాగా పడిపోతుంది. రెండు మూడు చోట్ల నిలబడి ఆ దిక్కులు చూసుకుంటే అవి కలిసే చోట పక్కింటి సోలార్ ఇన్వర్టరో, కరెంటు స్తంభమో ఉంటుంది. పక్కింటివారి దగ్గరకు ఫిర్యాదుగా వెళ్తే పని కాదు, రేడియో పట్టుకెళ్లి వాళ్ల చేతికే ఇచ్చి స్విచ్ వేసి చూడమంటే వాళ్లకే ఆసక్తి పుడుతుంది. స్తంభం సంగతి వేరు. ఎండాకాలం మోగి, గట్టి వాన పడగానే ఆగిపోయే మోత అయితే చాలాసార్లు అది ఇన్సులేటర్ దగ్గరో, వదులైన క్లాంపు దగ్గరో చిన్న నిప్పురవ్వ ఎగురుతున్న గుర్తు. లైన్‌మన్‌కి ఫోన్ చేసి రేడియో రావట్లేదంటే నవ్వి పెట్టేస్తాడు. ఫలానా నంబరు స్తంభం మీద స్పార్క్ వస్తోందని చెప్పండి, నిచ్చెనతో వస్తాడు.